రెండిళ్లకూ ఒకటే సీసా

కుప్పంలో మేముండే ఇంటి కింద బ్యూటీపార్లర్ తెరిచినప్పటి నుంచి కిటికీ తీస్తే చాలు, జుట్టు రంగు వాసన ఘాటుగా లోపలికొస్తుంది, దాని వెనకే నా చిన్నప్పటి పుంగనూరు క్రిస్మస్ వారం కూడా వచ్చి కూర్చుంటుంది.

ఆ వారమంతా మా వీధిలో గోడలకు కొత్త సున్నం వాసన, పొయ్యిల మీద మరిగే కజ్జికాయల నూనె, వాకిళ్లలో రంగుకాగితాల నక్షత్రాలు, సాయంత్రం చలిలో పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగే పెద్దపిల్లలు, వాళ్ల వెనకే ముక్కు కారుతూ మా తమ్ముడు చిన్నబాబు. మూడేళ్లవాడు. వాడికి దగ్గుమందంటే ప్రాణం, తియ్యగా ఉంటుందని లేని దగ్గు కూడా దగ్గేవాడు, మేం నవ్వితే ఇంకా గట్టిగా దగ్గేవాడు.

మా అమ్మా, పక్కింటి సరోజత్తా ఏది కొన్నా చెరిసగం. కాఫీపొడి, కొబ్బరినూనె, ఆఖరికి పండక్కి తలకేసుకునే నల్లరంగు కూడా. ఆ ఏడు అత్త తన సగం వేసుకుని, మిగిలింది ఖాళీ దగ్గుమందు సీసాలో పోసి పంపింది. అమ్మ దాన్ని కిటికీలో పెట్టి, మాడిపోతాయని కజ్జికాయల దగ్గరికి పరిగెత్తింది. చిన్నబాబు ట్రంకుపెట్టె ఎక్కి అందుకున్నాడు.

"ఏం తాగినాడో సూడు మే, నోరంతా నల్లగుండాది!" అని మా అవ్వ కేకేసింది.

చింతపండు నీళ్లు తాగించి కక్కించారు. "కక్కినాడు కదక్కా, ఏం కాదులే" అంది అత్త. ఆ మాటే నిజం కావాలని అందరం వాడి చుట్టూ కూర్చున్నాం. మెడ వాచి, మాట పడిపోయాక గానీ మదనపల్లెకు ఆటో కట్టలేదు. ఆస్పత్రిలో ఊపిరి కోసం గొంతుకు రంధ్రం పెట్టారు. మర్నాటికి ఉచ్చ నల్లగా మారింది, ఆ తర్వాత అదీ ఆగిపోయింది. "కొంచెం ముందు తెచ్చింటే సూసేవాళ్లమమ్మా" అన్నాడు డాక్టరు.

పండగ ముందురోజు వాణ్ని కొత్త చొక్కాలో ఇంటికి తెచ్చారు. అమ్మ అత్తను ఒక్క మాట కూడా అనలేదు, అనుంటే బాగుండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది. అత్త వాళ్లు ఇల్లు ఖాళీ చేసి పెద్దపంజాణికి వెళ్లిపోయారు.

ఇప్పుడా వీధి నిండా మేడలు. కజ్జికాయలు బేకరీ నుంచి వస్తాయి, ఎవరి సీసా వాళ్లదే. అమ్మ నా దగ్గరే ఉంటోంది. నా కూతురికి జ్వరమొస్తే, షాపు నుంచి అప్పుడే తెచ్చిన మందైనా సరే, సీలు తీసి ముందు తన నాలుక మీద వేసుకుని, గోడకానుకుని కళ్లు మూసుకుంటుంది. తనకేమీ కాలేదని తేలాకే చెంచా నా చేతికిస్తుంది. అంతసేపూ పాప చెయ్యి చాపి అడుగుతూనే ఉంటుంది, "అవ్వా, నాకు."