తరాజు తాడు మీది చిటికెన వేలు

ఆడపిల్లలు ఎట్లా చెడిపోతారని ఎవరైనా అడిగితే నాకు ముందు మా నాయనమ్మ మెచ్చుకోలు గుర్తుకొస్తుంది.

సంగారెడ్డి బజార్లో మాకు పప్పులు, మిరపకాయల దుకాణం ఉండేది. పటాన్‌చెరు దిక్కు ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులవి. నాకు తొమ్మిదేళ్లు రాగానే నాయనమ్మ నన్ను తరాజు ముందర కూర్చోబెట్టి, సరుకు పళ్లెం తాడును ఎడమ చేతి చిటికెన వేలితో కనపడకుండా కిందికి గుంజడం నేర్పింది. అట్లా గుంజితే తక్కువ సరుకుకే ముల్లు నడిమికి వచ్చేది. "ఆడపిల్లను ఎవ్వలు అనుమానిస్తరే" అని నవ్వేది. వారం తిరిగేసరికి నాకు చెయ్యి కుదిరింది. "నా మన్మరాలు మస్తు హుషారు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది. నేను పొంగిపోయేదాన్ని. అంతకుముందు నన్ను మెచ్చుకున్నవాళ్లు లేరు మరి.

ఆ హుషారు దుకాణంలోనే ఆగలేదు. బళ్లో బలపాలు కాజేశాను. అడిగితే పక్కపిల్ల మీదికి తోసి, అది దెబ్బలు తింటుంటే చూస్తూ నిలబడ్డాను. ఇంట్లో బెల్లం తీసిన రోజు మాత్రం దొరికిపోయాను. "గీ దొంగబుద్ధులు నీకెవ్వలు నేర్పిన్రే? మొక్కై వంగనిది మానై వంగుతదా?" అంటూ నాయనమ్మ వీపు చిట్లగొట్టింది. నిజం చెప్తున్నా, అప్పుడు నాకూ జవాబు తెలియలేదు.

తెలిసేట్టు చేసింది నా దోస్తు. వాళ్లమ్మ ఫ్యాక్టరీ గోడల కాడ ఇటుకలు మోసేది. ఒకనాడు అది కందిపప్పు కోసం వచ్చింది. నా వేలు దానంతటదే తాడెక్కింది. అది ముల్లును చూడలేదు, నా చేతినే చూసింది.

"వేలు తియ్యి" అంది మెల్లగా. "మీ కాడి పప్పు ఎన్నడూ సరిపోదని మా అమ్మ దినాం అంటది. నువ్వే అనుకోలే."

సిగ్గుతో చచ్చిపోయాను. వేలు తీస్తే పళ్లెం పైకి లేచింది. ఇంకో పిడికెడు పోశాను.

మరునాటి నుంచి ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకునే తూచాను. నాయనమ్మ రెండు రోజులు తిట్టింది. మూడోనాడు నన్ను తరాజు ముందర నుంచి లేపి, ఆరేళ్ల మా చెల్లెను పిలిచింది.

"రా బిడ్డా, నీకొకటి నేర్పిస్త."

చెల్లె సంబరంగా ఉరికొచ్చింది. నేను దాని చెయ్యి పట్టేసుకున్నాను.

"అది రాదు నాయనమ్మా."

నాయనమ్మ చీపురు తిరగేసింది. దెబ్బలు నా వీపుకు కొత్త కాదు. చెల్లె చిటికెన వేలు నా పిడికిట్లోనే ఉంది.