పండుగప్ప పొలుసుల తోరణం

మొన్న నవరాత్రులకు రెండు రోజుల ముందు మా కోడలు ఫోనులో చూసి తెప్పించుకున్న అట్టపెట్టె విప్పి, తళుకు బిళ్ళలతో కుట్టిన గుమ్మం తోరణం తీసి, ఎలా ఉందత్తయ్యా అంటూ నా ఒళ్ళో పరిచింది. బాగుందన్నాను, నిజంగానే బాగుంది కూడా. కాని నా చేతులు మాత్రం నేను చెప్పకుండానే ఆ బిళ్ళల్ని ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి, దారం ఎక్కడ మొదలెట్టారో, ఏ ముడి వేశారో వెతకడం మొదలుపెట్టాయి. ఏమైనా లోపముందా అని అడిగింది పిల్ల. లోపం కోసం కాదమ్మా, దొంగచూపులు చూసి నేర్చుకున్న రోజుల అలవాటది అని చెప్పబోయి, అదంతా పెద్ద కథలే అని ఊరుకున్నాను. కోడలికి చెప్పనిది మీకు చెబుతున్నాను. నా ఈడువాళ్ళకు సగం చెబితే చాలు, మిగతా సగం మీకే తెలుసు.

అరవైల చివర్లో, నాకు ఇరవై నిండీ నిండకుండానే, నిజాంపట్నం దాపున ఒక జాలర్ల పల్లెపాలెంలో ఎలిమెంటరీ బడికి టీచరుగా వేశారు. మాది తెనాలి పక్క వ్యవసాయ కుటుంబం. ఆడపిల్ల ఉద్యోగమంటూ సముద్రపొడ్డుకు వెళ్ళడమేమిటని మా నాన్న నాలుగు రోజులు సరిగా అన్నం తినలేదు. చివరికి రేపల్లెలో పిన్ని ఇల్లుంది కదా అని మెత్తబడ్డారు. వారమంతా పిన్ని ఇంట్లో ఉండి పొద్దున్నే బస్సులో పాలేనికి వెళ్ళడం, సాయంత్రం చేపల గంపల మధ్య నిలబడి తిరిగి రావడం, శనివారం రైలెక్కి తెనాలి చేరడం, ఇదీ నా తిరుగుడు. ఇంటికి రాగానే మా అమ్మ నన్ను నూతి దగ్గరే ఆపి, నెత్తిన నీళ్ళు పోస్తేగాని గడప దాటనిచ్చేది కాదు. చేపలు మేమూ తింటాం కదే అంటే, తినడం వేరు, బస్సులో ఒంటికి పట్టించుకు రావడం వేరు అనేది.

బడికి రెండే గదులు, మేమూ ఇద్దరమే. హెడ్మాస్టరు గారిది కాకుమాను వైపు. యాభై దాటిన మనిషి, గుడ్డు కూడా ముట్టరు, తెల్లపంచె మీద ఇసుక రేణువు పడినా దులుపుకునేవారు. అయినా ఏ పిల్లకు జ్వరమొచ్చినా సైకిలు వెనక కూర్చోబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేదీ ఆయనే. ఆడపిల్లలు తొమ్మిదిమంది ఉండేవారు. దసరా సెలవుల తర్వాత వేట జోరందుకుంటుందనీ, చేపలు ఎండబెట్టే పనికి పోయిన ఆడపిల్లలు మళ్ళీ బడి ముఖం చూడరనీ పాత హాజరు పట్టీ చూస్తేనే తెలిసింది నాకు. ఈ తొమ్మిదిమందినైనా నిలుపుకోవాలని నా తాపత్రయం. సెలవులకు ముందు బడిలో జరిగే సరస్వతీ పూజ వాళ్ళ చేతుల మీదుగా అందంగా జరిగితే, ఇది మా బడి అనుకుంటారేమో, తిరిగి వస్తారేమో అని ఒక ఆశ.

పూజకు రెండు వారాల ముందు శనివారం తెనాలి బజారులో ఒక ఫ్యాన్సీ షాపులో మద్రాసు నుంచి వచ్చిన తోరణం చూశాను. వరసకు ఏడు పువ్వులు, పువ్వుకు ఆరేసి రేకులు, రేకంతా తళుకే. గాలి తగిలితే సన్నగా గలగలమనేది. అది నేను కొనగలిగేది కాదు. రిబ్బనుకని ఒకసారి, పిన్నీసులకని ఒకసారి, ఊరికే ఒకసారి లోపలికి వెళ్ళి, వేళ్ళతో కొలుచుకుంటూ నిలబడితే షాపాయన కళ్ళజోడు పైనుంచి చూసి, "ఏంటమ్మాయ్, కొంటావా, కంఠతా పడతావా?" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. అయినా బయటికొచ్చి, చేతిసంచీలో ఉన్న పాఠాల పుస్తకం వెనక అట్ట మీద మొత్తం గీసేసుకున్నాను.

గీత గీసుకున్నాను గాని తళుకులెక్కడ తేను? సోమవారం బడి పక్కింటి మామ్మతో ఆ మాటే అన్నాను. నేను రోజూ మంచినీళ్ళు తాగేది ఆవిడ కుండలోవే. ఉప్పుచేప చేసి సంతలకు మోసుకెళ్ళి అమ్మే మనిషి. మనవరాలు నా దగ్గరే నాలుగో తరగతి. ఆ పిల్లను కూడా దసరా తర్వాత పనిలో పెడతానని అప్పటికే చెప్పింది. నా బొమ్మ కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, లోపలికెళ్ళి, గుప్పెడు పొలుసులు తెచ్చి నా అరచేతిలో పోసింది. పండుగప్ప చేప పొలుసులు, ఒక్కొక్కటీ బొటనవేలి గోరంత, ఎండకు ముత్యపు చిప్పల్లా మెరుస్తున్నాయి.

"మీ తెనాలి బిళ్ళలకంటే తక్కువా పంతులమ్మ గారూ?" అంది.

ఆ తర్వాత పదిరోజులు మధ్యాహ్నం బెల్లు కొడితే చాలు, మామ్మ వాకిట్లోనే మా మకాం. పొలుసుల్ని బూడిదతో రుద్ది కడిగి, నిమ్మరసం పిండిన నీళ్ళలో ఒకరోజు నానబెట్టి నీడన ఆరేస్తే వాసనంతా పోయి, అంచులు లోపలికి వంగి అచ్చం పూరేకుల్లా అయ్యేవి. కొన్నిటికి పసుపు, కొన్నిటికి బట్టలకు పెట్టే నీలిమందు, కొన్నిటికి గులాబీ రంగు పట్టించాం. పువ్వును పువ్వుకు కలిపే ముడి మాత్రం షాపులో ఎంత చూసినా నాకు అంతుపట్టలేదు. మామ్మ మనవరాలు నా బొమ్మ చూసి ఫక్కున నవ్వి, "ఇది వల ముడేనండీ, మా తాత రోజూ వేస్తాడు" అని క్షణంలో వేసి చూపించింది. అప్పుడు నేనే శిష్యురాలినై, వల దారంతో ఆ తొమ్మిదిమంది పక్కన కూర్చుని నేర్చుకున్నాను. పూర్తయ్యాక ఎత్తిపట్టుకుంటే, మద్రాసు తోరణాన్ని మరిపించిందంటే నమ్మండి.

పూజనాడు అమ్మవారి పటం పైన దాన్ని కట్టాం. హెడ్మాస్టరు గారు వస్తూనే గుమ్మంలో ఆగిపోయారు. ఎంత బాగుందమ్మా, తెనాలి నుంచి తెచ్చావా అంటూ దగ్గరికొచ్చి ఒక పువ్వును వేళ్ళతో నిమిరారు. నేను నోరు విప్పేలోపే ఆ మనవరాలు ముందుకొచ్చి, "మేమే కట్టామండీ, పండుగప్ప పొలుసులండీ!" అంది, మొహమంతా వెలుగుతుండగా.

ఆయన చెయ్యి నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చింది. కోపంగా అనలేదు, నెమ్మదిగానే అన్నారు, అదే ఇంకా బాధ. "అమ్మవారి నెత్తిన నీసు కట్టకూడదమ్మా. తీసేయండి."

తొమ్మిదిమందీ నా వైపు చూశారు. నేను ఒక్క మాటంటే చాలు, కాని ఉద్యోగం కొత్త, ఆయన పెద్దవారు, పైగా మా అమ్మ నూతి దగ్గర పోసే నీళ్ళు నా ఒంటి మీద ఇంకా ఆరలేదేమో, తల దించుకున్నాను. మనవరాలే బల్లెక్కి తోరణం విప్పింది. ప్రసాదమైనా తీసుకోకుండా ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. మొగపిల్లలతో పూజ అయిందనిపించాం.

సెలవులయ్యాక బడి తెరిస్తే ఒక్క ఆడపిల్ల రాలేదు. మొదటిరోజు, రెండోరోజు చూశాం. మూడోరోజు ఆయన ఆడపిల్లలేరమ్మా అని అడిగితే, నేను హాజరు పట్టీ తెరిచి ఆయన ముందు పెట్టాను. తొమ్మిది పేర్ల మీదా ఒక్కొక్కటిగా వేలు ఆనించి చూశారు. లేచి, గొడుగు తీసుకుని బయటికి నడిచారు. నేనూ వెనకే వెళ్ళాను. మామ్మ వాకిట్లో ఆ పిల్లలు నలుగురైదుగురు చేపలు ఆరబోస్తున్నారు. గుమ్మానికి మా తోరణం కట్టి ఉంది.

హెడ్మాస్టరు గారు వాకిట్లో నిలబడ్డారు. పాలెంలో సగంమంది గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు.

"పెద్దమ్మా, నేను తొందరపడ్డాను. ఆ తోరణం మళ్ళీ బడికి ఇస్తారా?" అన్నారు.

మామ్మ చేతులు కడుక్కుని, పైటకు తుడుచుకుని, తీరిగ్గా ఎదురొచ్చింది. "మా గుమ్మానిక్కట్టుకున్నది విప్పనండీ. మేం తినేదేంటో అమ్మోరికి తెలవదా? తెలిసే మా ఇళ్ళకొస్తంది. బడికి కావాలంటే పిల్లలు ఇంకోటి కడతారు. మీరు కూచుని చూస్తానంటేనే."

ఆయన చెప్పులు విడిచి చాప మీద కూర్చున్నారు. మనవరాలు ఒక పొలుసు తెచ్చిచ్చింది. అటూ ఇటూ తిప్పి, కళ్ళు మూసుకుని, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "వాసనే లేదే" అన్నారు, తనలో తాను అనుకున్నట్టు. "ఆరోజు చూళ్ళేదుగా మీరు" అంది మామ్మ. పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వారు. ఆయనా నవ్వారు. సూది అడిగి తీసుకుని తానే గుచ్చబోయి వేలు పొడుచుకుంటే, మనవరాలు అలా కాదండీ మాస్టారూ అని ఆయన చెయ్యి పట్టుకుని నేర్పింది. వారం తిరిగేసరికి రెండో తోరణం తయారైంది. ఆయనే బల్లెక్కి అమ్మవారి పటం పైన కట్టారు.

ఏడుగురు తిరిగొచ్చారు. ఇద్దరు రాలేదు, ఎన్నిసార్లు వెళ్ళి పిలిచినా రాలేదు. మామ్మ మనవరాలు అయిదో తరగతి పూర్తిచేసి నిజాంపట్నం హైస్కూలులో చేరింది. డెబ్బైల్లో నాకు పెళ్ళై బాపట్లకు బదిలీ అయ్యేదాకా ఏటా దసరాకు మేం కొత్తది కడుతూనే ఉన్నాం. బాపట్లలో ఆ పొలుసులు నాకెవరూ దాచిపెట్టేవారు కాదు. సిగరెట్టు పెట్టెల్లోని వెండికాగితంతో చేయించేదాన్ని గాని, అంత కుదరలేదు.

ఇప్పుడన్నీ ఇంటికే వస్తున్నాయి, అందంగానే ఉంటున్నాయి, దానికి నాకు బాధేం లేదు. పొరపాట్లు అప్పుడూ చేశారు, ఇప్పుడూ చేస్తున్నారు. కాని పొరపాటు చేశానని తెలిశాక గొడుగు పట్టుకుని, అందరూ చూస్తుండగా, అవతలివాళ్ళ వాకిలి దాకా నడిచి వెళ్ళేవాళ్ళను ఆ తర్వాత నేను పెద్దగా చూడలేదు. ఎవరినో అనడమెందుకు, నేను మాత్రం అలా వెళ్ళానా? ఆయన వెనక నడిచానంతే. ఆయన చెయ్యాల్సింది ఆయన చేశారు. పూజనాడు తొమ్మిది జతల కళ్ళు నా వైపు చూస్తే తల దించుకున్నది నేను. ఏటా వాళ్ళ పక్కనే కూర్చుని ముడులు వేశాను గాని, నాదీ తప్పేనన్న ఆ ఒక్క మాట ఏనాడూ చెప్పుకోలేదు. ఇప్పుడు వాళ్ళూ మామ్మలై ఉంటారు. ఏ పాలెంలో ఉన్నారో.