మా మామ తనతో తానే పోట్లాడిన ఆదివారం

శ్రీరాంపూర్ బొగ్గుగనిలో రిటైరయ్యాక, పొద్దుపోక, నాకు పిల్లనిచ్చిన మా మామ ఇంటర్నెట్‌లో ఒక ముచ్చట్ల బోర్డు పెట్టారు. లోకమంతా వచ్చి రాసుకోవచ్చన్నారు. రాసింది మాత్రం ఇద్దరే: మామ, కరీంనగర్‌లో ఉండే మా నాన్న, అంటే మా బాపు. విషయం కూడా ఒక్కటే, ఎండ ఎవరి ఊళ్లో ఎక్కువ అని. శ్రీరాంపూర్‌లో కాకులు చెప్పులేసుకొని తిరుగుతాయని మామ రాస్తే, కరీంనగర్‌లో కోళ్లు ఉడికిన గుడ్లే పెడతాయని బాపు రాసేవాడు. ఒకరి తర్వాత ఒకరు, మధ్యలో చీమకు కూడా సందివ్వకుండా ఏళ్లు లాగించారు.

మొన్న ఎండాకాలం శ్రీరాంపూర్‌లో పెళ్లికొచ్చి వెళ్లాక బాపు, "సరే బావా, మీదే ఎక్కువ. ఓడిపోయిన" అని రాశాడు. మామ రోజూ దేవుడి పటం కంటే ముందు ఆ మెసేజ్‌కే దండం పెట్టుకునేవారు.

ఒకరోజు బోర్డులో చొరబడ్డ జుట్టునూనె ప్రకటనను తీసేయబోయి, మామ పొరపాటున మొత్తం పోట్లాటనే తీసేశారు. సంగతి తెలిసి బాపు రెచ్చిపోయాడు. "నేనెప్పుడు ఓడిపోయిన? ఏదీ, చూపెట్టుమను!"

"అల్లుడా, జర నా ఇజ్జత్ కాపాడు" అని మామ ఫోన్.

ఆదివారం బాపును వెంటబెట్టుకొని భోజనానికి వెళ్లాను. తీసేసిన మెసేజ్‌లు బోర్డు చెత్తబుట్టలో భద్రంగానే ఉన్నాయి. కానీ ఒక్కొక్కటే ఎంచి, వెనక్కి పంపమని నొక్కి, "నిజంగానా?" అంటే అవునని మళ్లీ నొక్కాలి. అన్నీ అలా చేస్తే నాకు వేళ్లు అరిగిపోయి మోచేతులే మిగిలేవి. అందుకని కీబోర్డు మాక్రో పెట్టాను. అంటే, నేను ఒకసారి నొక్కిన మీటల వరసను కంప్యూటర్ గుర్తుపెట్టుకొని, ఎన్నిసార్లయినా తనే నొక్కుకుంటుంది. మీట ముట్టకుండానే తెర గిరగిరా తిరుగుతుంటే ఇద్దరూ నోళ్లు తెరిచి చూశారు.

పని ముగిశాక బాపు తెర చదివి, కడుపు పట్టుకొని నవ్వాడు.

"బావా, ఎవరితోని కొట్లాడుతున్నవ్? అద్దం ముందు కూసొని రాసినవా ఏంది?"

చూస్తే అన్నీ మామ మాటలే! "నోర్ముయ్ బావా" అని మామ, దాని కింద "నీకు సిగ్గు లేదా" అని మళ్లీ మామే. తప్పు నా మాక్రోది. ఒక మెసేజ్ వెనక్కి పోగానే తర్వాతిది దాని చోటికి జరుగుతోంది. నేనేమో ప్రతిసారీ కిందికి దిగే మీట కూడా నేర్పాను. అందుకే ఒకటి విడిచి ఒకటి వచ్చాయి. బాపువన్నీ బుట్టలోనే ఉండిపోయాయి.

కిందికి దిగే మీట తీసేసి మళ్లీ నడిపాను. చివరికి వచ్చింది: "ఓడిపోయిన."

మామ లేచి నిలబడ్డారు. ఛాతీ తలుపులో పట్టనంత ఉబ్బింది. "చూడు బావా!"

బాపు కళ్లజోడు తుడుచుకున్నాడు. "గది నేను రాయలే. నీ అల్లుని మిషన్ రాసింది. ఎవరు ముట్టకుంటనే మీటలు నొక్కుకునుడు ఇప్పుడే చూసిన గదా!"

"బాపూ, అది పాతవి తెస్తది గానీ కొత్తవి రాయదు."

"నువ్వూకో. పెండ్లయిన కాన్నుంచి నువ్వు గాళ్ల దిక్కే."

ఇంటికప్పు లేచిపోతుందనుకున్నాను. కానీ మామ సోఫాలో కూర్చొని ఫోన్ తీశారు. రెండు నిమిషాలకు బాపు జేబు మోగింది. బోర్డులో కొత్త మెసేజ్: "శ్రీరాంపూర్ ఎండకు మనిషి మతి గూడ ఆవిరైతది. సాక్ష్యం మా బావ."

బాపు కూడా ఫోన్ తీసి, అదే సోఫా రెండో కొసన సర్దుకొని కూర్చున్నాడు. మామ ఓరకంట చూస్తూ, జవాబు కోసం పెళ్లిచూపుల పిల్లాడిలా ఎదురుచూస్తున్నారు. వంటింట్లోంచి అత్తమ్మ మూడోసారి పిలిచింది, అన్నం చల్లారుతోందని.