మోకాళ్లు బాగున్నాయని చెప్పాను

కక్కలేక, మింగలేక ఒక మాటను ఏళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లంటూ నాకు పెద్దగా లేరు కూడా. చందానగర్‌లో నా అద్దెగదికి వెళ్తే గోడలే పలకరించాలి.

అప్పట్లో రాయదుర్గంలో ఒక చిన్న కంపెనీలో స్కానింగ్ చేసేదాన్ని. మోకాలి గుజ్జు అరగడాన్ని నొప్పి మొదలవకముందే అల్ట్రాసౌండ్‌తో పట్టుకోవాలన్నది మా ప్రయత్నం. ఎముక మీద గుజ్జు తెరపై నల్లటి పట్టీలా కనిపిస్తుంది. బాగుంటే దాని అంచు నున్నగా ఉంటుంది. అరగడం మొదలైతే అంచు మసకబారి పట్టీ పలచబడుతుంది. అది సరిగ్గా కనబడాలంటే మోకాలు పూర్తిగా మడవాలి. కుర్చీలకు అతుక్కుపోయిన మా ఇంజనీర్లు అంత మడవలేక మూలిగేవారు. అందుకని ఆరోగ్యమైన మోకాలు కావలసినప్పుడల్లా హౌస్‌కీపింగ్ వాళ్లను పిలిచేవాళ్లం. గొంతుక్కూర్చుని నేల తుడిచేవాళ్ల మోకాళ్లకు ఏమవుతుందిలే అనుకునేవాళ్లం. మా తెలివి అలా ఏడ్చింది.

అలా వచ్చేవాళ్లలో యాదమ్మ ఒకరు. నలభై దాటిన మనిషి, బోరబండ నుంచి వచ్చేది. నేనొక్కదాన్నే తినడం చూసి మధ్యాహ్నాలు తన టిఫిన్ గిన్నె తెచ్చుకుని పక్కన కూర్చుని, ఇంత నాకూ పెట్టేది. ఈ నగరంలో నాతో కలిసి అన్నం తిన్నది ఆవిడొక్కతే.

ఒక రోజు, మర్నాడు పెట్టుబడి పెట్టేవాళ్లు వస్తున్నారని, వాళ్లకు చూపడానికి బాగున్న మోకాలి బొమ్మ కావాలన్నారు. యాదమ్మను పడుకోబెట్టి, మోకాలు మడవమని, దాని మీద స్కానింగ్ ప్రోబ్ పెట్టాను. మధ్యలో పట్టీ బాగానే ఉంది. లోపలివైపు అంచు చెదిరిపోయి ఉంది. రెండో కాలూ అంతే. నొప్పి ఉందా అని అడిగితే లేదంది. మేం పట్టుకుంటామని గొప్పలు చెప్పుకుంటున్నది సరిగ్గా దీన్నే.

“ఏమైంది మేడం, గట్ల చూస్తున్నరు? మోకాళ్లు మంచిగున్నయా? సూపర్‌వైజర్ మెట్ల పనికి రమ్మంటున్నడు. పొద్దుగూకకముందే ఇంటికి పోవచ్చు, పిల్ల ఒక్కతే ఉంటది. జర చూసి చెప్పుండ్రి. మంచిగుంటే ఒప్పుకుంట.”

“నిక్షేపంలా ఉన్నాయక్కా,” అన్నాను.

“అయితే ఇగ ఫికర్ లేదు.”

మధ్య భాగం బొమ్మ చూపడానికి సేవ్ చేశాను. లోపలివైపువి చెరిపేశాను. ఎందుకు? ఉద్యోగం పోతుందనా? పోదు. మా బాస్ తలుపు దగ్గర నిలబడి “దొరికిందా?” అని అడిగితే “దొరికింది” అనాలనిపించింది. అంతే. అంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని, కనీసం నన్ను నేను క్షమించుకోవడానికి పనికొచ్చేది ఒక్కటైనా దొరక్కపోతుందా అని ఇన్నేళ్లూ వెతికాను. దొరకలేదు.

యాదమ్మ మెట్ల పనిలో చేరింది. అన్ని అంతస్తులూ బకెట్‌తో ఎక్కడం, దిగడం. ఇక మధ్యాహ్నం నా పక్కకు రావడం కుదరలేదు. నిజం చెప్పాలంటే అదే నాకు హాయిగా అనిపించింది.

కొన్నేళ్లకు, ఆఫీసులో బతుకమ్మ ఆడుతున్నారు. ఎప్పుడూ ముందుండి వంగి చప్పట్లు కొట్టే యాదమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. గుజ్జు అరిగిందని దవాఖానలో చెప్పారట. నన్ను చూసి పక్కావిడతో, “గీ మేడం అప్పుడే చూసి మంచిగున్నయన్నది. మెట్లతోనే ఖరాబైనయి,” అంది. నన్ను వెనకేసుకొచ్చింది. నేను నవ్వాను. అవును, నవ్వాను.

ముందే చెప్పి ఉంటే అరిగేది కాదా? ఏమో. డాక్టర్లే గట్టిగా చెప్పలేరు. కానీ ఆ పని ఒప్పుకోవాలో వద్దో తేల్చుకోవలసింది ఆవిడ. ఆ అవకాశం నేను లేకుండా చేశాను.

వెళ్లి ఆవిడకే చెప్పొచ్చు కదా అంటారు. ఆ కంపెనీ వదిలేశాక ఒకటి రెండుసార్లు బోరబండ స్టేషన్‌లో దిగాను. ప్లాట్‌ఫాం మీదే నిలబడి, తర్వాతి రైలెక్కి వెనక్కి వచ్చేశాను. అన్నం పెట్టిన చేతిని కరిచాను. ఇంక ఏ ముఖం పెట్టుకుని వెళ్లను?

అందుకే ఆ రోజు అనవలసింది ఇక్కడ అంటున్నాను. యాదమ్మక్కా, నీ గుజ్జు అరగడం మొదలైంది. మెట్ల పని ఒప్పుకోకు. నాకు తెలుసు. నాకు ఆ రోజే తెలుసు.

రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఆవిడ మోకాళ్లకు మాత్రం దీనితో ఏ లాభమూ లేదు.