తీర్పుకు ముందే ఇల్లు చేరిన పలుపు

సహోదరులారా, సహోదరీలారా, అందరికీ వందనాలు! పోయిన ఏడాది మా ఇంటిని చీకటి కమ్మింది, రోగం కాదు, కరువు కాదు, పందెం! మా పంచాయతీ ప్రెసిడెంటు ఎన్నికలో ఒకాయన తొమ్మిది ఓట్లతో గెలిచాడన్నారు, ఓడినాయన మళ్లీ లెక్కపెట్టాలని ధర్మపురి కోర్టుకెక్కాడు, వాయిదా మీద వాయిదా, ఇక తీర్పు ఎవరివైపని పందేలు కాయడమే మగవాళ్ల పని! కోర్టు నుంచి వచ్చే వకీలు బస్సు దిగి నవ్వితే పందేనికి ఒక ధర, దగ్గితే ఇంకో ధర! పశువును ఒడ్డినవాడు దాన్ని కట్టే పలుపు తెచ్చి టీ కొట్టు మేకుకు తగిలించాలి, తీర్పు వచ్చేదాకా అమ్మకూడదు. సగం ఊరి పశువులు అట్లా ఇరుక్కుంటే సంతలో బేరాలే ఆగిపోయాయి, పాపిరెడ్డిపట్టి వ్యాపారులు రావడమే మానేశారు.

మా ఆయన గెలిచినాయన మీద మాకున్న ఒక్క పాడి ఆవును ఒడ్డాడు! అది పోతే పాపకు పాలు లేవు. పలుపు లేక దాన్ని నా పాత చీరతో కట్టేసేదాన్ని.

మూడు శుక్రవారాలు ఉపవాసముండి, "యేసయ్యా, గెలిచినాయన్నే మళ్లా గెలిపించు సామీ" అని మందిరంలో ఏడ్చాను. మూడో వారం అదే చాప మీద, నా పక్కనే ఎస్తేరక్క గొంతు: "ఓడినాయన్ని గెలిపించయ్యా, మా ఎద్దు పోతే సేద్యం ఎట్ల చేసేది?"

కళ్లు తెరిచాను. "అక్కా, మీ ఎద్దు ఎవురితో పందెం?"

"మీ ఆయనతోనే మే! నీకు తెలీదా?"

ఇద్దరికీ నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే నాకు ఏడుపొచ్చింది. పస్తుండి నేను అడిగింది అక్క ఎద్దునా!

చేతులు పట్టుకొని, "తండ్రీ, ఎవురన్నా గెలవనీ, ఆ పలుపుల్ని ఇంటికి పంపించు" అని ప్రార్థించి నేరుగా టీ కొట్టుకు నడిచాం. మగవాళ్లిద్దరూ అక్కడే ఉన్నారు.

"మావా, నేను వాళ్ల ఎద్దు కావాలని దేవుణ్ణి అడిగినాను, అక్క మన ఆవు కావాలని అడిగింది. ఆయన ఎవురి మాట వినాల? నువ్వే చెప్పు" అన్నాను.

"ఆయన గూడా వాయిదా ఏసుకోవాల్సిందేనమ్మా!" అన్నాడు టీ కొట్టాయన. అందరూ గొల్లుమన్నారు. మా ఆయన మాత్రం నవ్వలేదు. లేచి రెండు పలుపులూ తీసి, ఒకటి అక్క భర్త చేతిలో పెట్టి, "పో బావా, దున్నుకో పో" అన్నాడు. దేవునికే మహిమ! అది చూసి ఒక్కొక్కరే తమ పలుపు తీసుకుపోయారు, సాయంత్రానికి మేకులన్నీ ఖాళీ, ఆ వారమే సంత కళకళలాడింది!

ఓట్లు మళ్లీ లెక్కపెట్టిన రోజు మైకు అరుస్తూనే ఉంది, నేను పాలు పితుకుతున్నాను, చెంబు చప్పుడులో గెలిచినవాడి పేరు వినపడలేదు, దూడను పట్టుకున్న మా ఆయన వెళ్లి అడగనూ లేదు! మీ ఇంటి పలుపు ఏ మేకుకు వేలాడుతున్నా ప్రభువుకు చెప్పండి, నమ్మి నడవండి, ఆయన దించుతాడు. ఆమేన్!