నీళ్లలాంటి మందు

తెల్లారగానే ఆ తల్లి ముఖమైనా కడుక్కోకుండా చేసే మొదటి పని కూతుర్ని లేపి జావ తాగించడం. పిల్ల ఏడ్చినా, ఈసడించుకున్నా వదిలేది కాదు. ఇవాళ గిన్నె లేదు, చెంచా లేదు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక ఆసుపత్రి మంచం పక్కన కూర్చుంది. పిల్లకు హెర్నియా ఆపరేషను. జావ బదులు చక్కెర సెలైను చుక్కచుక్కగా నరంలోకి దిగుతోంది.

పుట్టుకతో వచ్చిన జబ్బు అది. తిండి ఆలస్యమైతే మన ఒళ్లు దాచుకున్న కొవ్వు కరిగించుకుని నెట్టుకొస్తుంది. ఆ పిల్ల ఒంటికి ఆ విద్య రాదు. పిల్ల అన్నకూ అదే జబ్బని అప్పట్లో ఎవరికీ తెలియదు. జ్వరంతో తినకుండా పడుకుంటే "నిద్రపోనీ, నిద్రే మందు" అనుకున్నారు ఇంటిల్లిపాదీ. వాడు మళ్లీ లేవలేదు.

మత్తు డాక్టరమ్మ ఆపరేషను గదిలోకి తల్లినీ రానిచ్చింది.

"నిద్రపుచ్చొద్దని అనలేను డాక్టరమ్మా," అంది తల్లి. "లేపడం మాత్రం మర్చిపోకండి."

"మర్చిపోతే మీరు నన్ను బతకనిస్తారా?" అని నవ్వి, డాక్టరమ్మ పాలలా తెల్లగా ఉన్న మందు సీసాను పక్కకు నెట్టింది. "ఎక్కువమందికి ఇదే ఇస్తాం. ఇందులో నూనె ఉంటుంది. కొవ్వు కరిగించుకోలేని మీ వసపిట్టకు వద్దు." నీళ్లలాంటి మరో మందు సిరంజిలోకి లాగింది.

"ఆంటీ, మీ చెప్పులు రెండూ రెండు రంగులు! మా అమ్మా అంతే, ఓసారి జాకెట్టు తిరగేసి..."

పిల్ల మాట సగంలో తెగింది. తల్లి నోరు తెరిచి చూస్తుండిపోయింది. చెంచాడు నీళ్లు, దారమంత గొట్టం! ఆ వాగుడుకాయ నోరు మూయించాయి. పక్క గొట్టంలో చక్కెర సెలైను మాత్రం ఆగలేదు. నిద్రపోతూనే భోంచేస్తోంది పిల్ల. డాక్టరమ్మ పిల్ల వేలికొన నుంచి రక్తపు చుక్క తీసి, చక్కెర ఎంతుందో చూసి, సరేనన్నట్టు తలూపింది. ఎవరో తల్లిని మెల్లగా బయటికి పంపారు.

మళ్లీ పిలిచేదాకా ఆమె గోడకు ఆనుకుని నిలబడే ఉంది.

లోపల పిల్ల కళ్లు తెరిచింది. "అమ్మా, ఆకలేస్తోందే."

ఆ మాట ఆమె ఎన్నడూ వినలేదు. ఆకలి వచ్చేలోపే తినిపించేది మరి. డాక్టరమ్మ సరేనన్నాక జావ పట్టింది. పిల్ల లొట్టలేసుకుంటూ తాగి, సెలైను ఎక్కుతుండగానే పక్కకు ఒత్తిగిలి పడుకుంది.

"జుట్టు చూడండి, గడ్డివాములా ఉంది. దువ్వేయండమ్మా," అంటూ నర్సు దువ్వెన చేతికిచ్చింది.

చిక్కు తీస్తే పిల్ల లేస్తుంది. తల్లి దువ్వెన దిండు కింద పెట్టేసి, ఆ నిద్రను చూస్తూ కూర్చుంది.