పాకాల గుట్టల్లో నరికిన ఇప్పచెట్లు

నర్సంపేట దగ్గర మా అక్కయ్యవాళ్ల పొలంలోకి ఈ వానకాలం వాగు ఎర్రమట్టిని తెచ్చిపోసింది. నాట్లన్నీ మునిగిపోయాయి. గుట్ట మీది కోయవాళ్లు పోడు కోసం అడవి నరకడం వల్లే ఇలా జరిగిందని ఊళ్లో అందరూ అన్నారు, అదీ ఒకే మాటల్లో. పదిమంది ఒకే మాట అప్పజెబితే నాకు అనుమానం. ఆ నాలుగిళ్లవాళ్లను జొన్న కోతకు ముందే వెళ్లగొట్టాలని అడవిని కాసే జంగ్లాత్ జవాను చూస్తున్నాడు. హనుమకొండ సుబేదారి కచేరీలో అధికారి ముందు మా బావ సాక్ష్యం చెప్పడమే తరువాయి. ఈలోగా గుట్టను నా కళ్లతో చూడాలనుకున్నాను.

హనుమకొండలో పొద్దున్నే బొగ్గు బస్సు ఎక్కాను. యుద్ధం మూలంగా పెట్రోలు లేక బస్సులన్నీ వెనక బొగ్గుపొయ్యి కట్టుకుని తిరుగుతున్నాయి. టికెట్టు ఎనిమిదణాలు, ఎత్తు వచ్చినచోట దిగి నెట్టడం ఉచితం. ఎండ ఎక్కేసరికి నర్సంపేట చేరాం. అక్కడి నుంచి గుట్ట దాకా రూపాయికి ఎడ్లబండి కుదిరింది.

"గుట్ట మీద ఏమున్నదమ్మా సూడనీకి? కోతులు గూడ దిగిపోయినయ్" అన్నాడు బండి తోలే మల్లయ్య.

"అడవి ఎవరు కొట్టారు?"

"కోయోళ్లే అంటాండ్రు."

"నువ్వు చూశావా?"

"నేను బండి తోలెటోన్ని. నన్ను కచేరికి తోలకు తల్లీ."

మల్లయ్యను తోడు తీసుకుని పైకి ఎక్కితే, వాగు పుట్టే వాలంతా బోడిగా ఉంది. వాన కోసిన గండ్లు, అక్కడక్కడ బొగ్గు కాల్చిన నల్లటి గుంతలు. ఒక అంచున మాత్రం కోయవాళ్ల చిన్న జొన్నచేను, దాని మధ్య నరకకుండా వదిలిన ఇప్పచెట్లు. బోడివాలులో ఇప్పచెట్లను కూడా నేలమట్టంగా కోశారు. చేను కాస్తున్న ముత్తక్కను అడిగాను, ఇవి మీరు నరికినవి కావా అని.

"ఇప్పపువ్వు తిని ఎండకాలం ఎల్లదీసెటోళ్లం. చెట్టు కొట్టుకుని ఏం తినాలె? బొగ్గా?"

ఎవరో నేర్పి చెప్పించారేమోనని ఆమెనూ అనుమానించాను. ఇంతలో జవాను వచ్చాడు.

"ఇంత ఎండల ఎందుకొచ్చినవమ్మా? మీ బావ చెప్తే సాలు గద!"

"ఈ ఇప్పచెట్లు ఎలా పడ్డాయి?"

"గాలికి."

"గాలి రంపంతో కోస్తుందా?"

మల్లయ్య పకపకా నవ్వాడు. జవాను తలపాగా సర్దుకుంటూ నీళ్ల వంకతో వెళ్లిపోయాడు.

సాయంత్రం అక్కయ్య ఇల్లు చేరాను. కొట్టంలో బావ బండి పలకల సందున బొగ్గుపొడి కనిపించింది. ఏమిటని అడిగాను.

"బొగ్గు గుత్తేదారుకు కిరాయికిచ్చిన మరదలా. నేనొక్కన్నేనా, ఊరంత ఇస్తాండ్రు."

"నువ్వు సాక్ష్యానికి వెళ్లిననాడు నేనూ వస్తాను బావా. ఈ బండి సంగతి కూడా చెప్పొచ్చు."

అక్కయ్య అన్నం వడ్డించింది.

బావ సుబేదారికి వెళ్లలేదు. కోయవాళ్లు జొన్న కోసుకున్నారని తర్వాత కబురు తెలిసింది. బావ న్యాయానికి తలవంచాడో, నాకు జంకాడో ఇప్పటికీ తేల్చుకోలేను. గుత్తేదారు మాత్రం పక్క గుట్టకు మారాడు. అక్కడ నరికింది ఎవరని చెప్పుకుంటారో వినాలి.

అటు వెళ్లేవారికి ఒక మాట: గొడుగు మరిచిపోకండి. దారి పొడుగునా నీడేనని పాతవాళ్లు చెబుతారు, నమ్మకండి.